మసకబారిన హెడ్‌లైట్లూ, మన టూత్‌పేస్టు ఇంజనీరింగూ

“లైటేసుకొని నడుపు సారూ!” అన్నాడాయన.

నా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. డాష్‌బోర్డు మీద పచ్చగుర్తు కూడా ఉంది. కిందికి దిగి చూశాను, రెండూ వెలుగుతున్నాయి. కాకపోతే పసుపునీళ్ళలో ముంచి తీసిన లాంతరు చిమ్నీల్లాగా వెలుగుతున్నాయి.

సంగతేంటంటే, పోయిన మే నెలలో ఓ రాత్రి పదిన్నరకి అమ్మని సూర్యాపేట నుంచి తీసుకొస్తున్నాను. మా ఇల్లు బాటసింగారంలో, ఓ వెంచర్లో. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇది విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట ఔటర్ దాటాక వచ్చే ఊరు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుని కొత్తపేట నుంచి ఎత్తి ఇక్కడి లాజిస్టిక్స్ పార్కులో పెట్టారు. అప్పట్నుంచీ మామిడిపళ్ళ సీజన్లో ఇక్కడ రాత్రీ పగలూ తేడా లేదు. లారీలు, డీసీఎంలు, ట్రాలీ ఆటోలు, రోడ్డుకి అటూ ఇటూ నడిచే జనం. ఆయన ఖాళీ ట్రేలు పేర్చిన తోపుడుబండి తోసుకుంటూ అడ్డంగా వెళ్తున్నాడు. హమాలీ అనుకుంటా. మాసిన చొక్కా, నల్లటి మనిషి, నల్లటి రోడ్డు. మా వెంచర్ వైపు తిరగాలి కాబట్టి అప్పటికే నలభైకి తగ్గించాను. బ్రేకు తొక్కితే బండికీ ఆయనకీ మధ్య ఓ మూర జాగా మిగిలింది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని అమ్మ ముందు సీటుకి కొట్టుకుంది, పెదవి చిట్లింది.

ఆయన తిట్టలేదు. ఆ ఒక్క మాట అని, కింద పడ్డ రెండు ట్రేలు ఏరుకొని వెళ్ళిపోయాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని “ఏమైందిరా, కనపడలేదా?” అంది. “చీకటి కదమ్మా” అన్నాను. రాత్రి పదిన్నరకి చీకటి కాక ఇంకేముంటుంది, నా మొహం.

మర్నాడు ఆఫీసులో లంచ్ దగ్గర ఇదంతా చెప్పాను. ఒకడు హైవే మీద తోపుడుబండేంటి బాస్ అన్నాడు. ఇంకొకడు రిఫ్లెక్టర్ లేకుండా తిరిగేవాళ్ళకి ఫైన్ వెయ్యాలన్నాడు. మూడోవాడు అసలైన మేధావి. “డాష్‌క్యామ్ పెట్టించుకో. కేసైతే ప్రూఫ్ ఉంటుంది, ఎనిమిది వేలే” అన్నాడు. నేనూ తలూపాను. ఆ సాయంత్రం ఆన్‌లైన్లో రెండు మోడళ్ళు పోల్చి కూడా చూశాను. ఎదటిమనిషి కనపడేటట్టు చేసుకోవడానికి ఎనిమిది వందలు పెట్టాలని తట్టలేదు గానీ, కనపడలేదని రుజువు చేసుకోవడానికి ఎనిమిది వేలు పెట్టబోయాను. ఒక్క నా గురించే కాదు, ఆ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి గురించీ, ఇది చదువుతున్న మీ గురించీ కూడా చెప్తున్నాను. కోపమొస్తే రానివ్వండి. ముందు కిందికెళ్ళి మీ కారు మొహం ఒకసారి చూసొచ్చి ఆ తర్వాత కోప్పడండి.

నాది 2009 మోడల్ చిన్న కారు, ఏపీ 29 నంబరు. ఏపీ పోయి టీఎస్ వచ్చింది, టీఎస్ పోయి టీజీ వచ్చింది, ఇది మాత్రం అదే నంబరుతో తిరుగుతోంది. ఇంజను బంగారం. రెండేళ్ళ కిందట బాడీకి సిరామిక్ కోటింగ్ కూడా చేయించాను, ఎంతైందో మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు. నీళ్ళు పోస్తే తామరాకు మీద జారినట్టు జారతాయి. అంత చేయించినవాణ్ణి హెడ్‌లైట్ల వైపు మాత్రం చూడలేదు. చూశాను, పాతబడిందిలే అనుకున్నాను.

అందులో ఓ తమాషా ఉంది. మనం చేసే ఉద్యోగమేంటి? సర్వర్ పడిపోతే అలారం, డిస్కు నిండితే అలారం, రెస్పాన్స్ టైము అర సెకను పెరిగితే అర్ధరాత్రి ఫోను. కానీ రోజుకి పిసరంత చొప్పున తగ్గేదానికి అలారం మోగదని మనకే బాగా తెలుసు. హెడ్‌లైట్ అలాంటిదే. బల్బు పోతే ఆ రాత్రే తెలుస్తుంది, మర్నాడు మార్చేస్తాం. లెన్సు మసకబారితే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. ఆరేళ్ళ కిందట రోడ్డు ఎంత తెల్లగా కనపడేదో ఇప్పుడు గుర్తుండదు. పైగా మన వయసు కూడా పెరుగుతోంది కదా, కళ్ళే తగ్గాయేమో అనుకుంటాం. నేను నిజంగానే కళ్ళజోడు నంబరు మార్పించుకున్నాను, నవ్వకండి.

సరే, అసలు ఎందుకు మసకబారుతుంది? అంబాసిడర్, పద్మినీ కార్లకి గుండ్రటి గాజు లైట్లుండేవి. గాజు పగులుతుంది గానీ పసుపెక్కదు. ఆ తర్వాత కార్ల మొహాలు కోలగా, వంకరగా రావడం మొదలయ్యాక గాజుతో అన్ని వంపులు కుదరక, బరువూ తగ్గుతుందని పాలికార్బొనేట్‌కి వెళ్ళారు. అమెరికాలో 1983 దాకా రూలే ఒప్పుకోలేదు, అప్పటిదాకా అందరికీ సీల్డ్ బీములే. ఈ పాలికార్బొనేట్‌ని 1953లో జర్మనీలో బేయర్ వాళ్ళూ అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళూ ఎవరికి వారే కనిపెట్టారు. మనందరికీ బాగా తెలిసినదే. ఒకప్పుడు అమీర్‌పేటలో కోర్సులు చేసేప్పుడు డబ్బాల కొద్దీ కొన్న సీడీలు దాంతో చేసినవే. సుత్తితో కొట్టినా పగలదు. కానీ దీనికి రెండు జబ్బులు. ఒకటి, గోరుతో గీసినా గీత పడుతుంది. రెండు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే లోపలి గొలుసులు తెగి పసుపెక్కుతుంది. అందుకని కంపెనీవాళ్ళు పైన ఓ పల్చటి గట్టిపూత వేసి పంపిస్తారు. ప్లాస్టిక్‌ని కాపాడేది ఆ పూతే. మన ఎండకి, దుమ్ముకి, వాష్‌లో వాడే గుడ్డకి ఆ పూత ఐదారేళ్ళకే అరిగి, చిట్లి, పొలుసులుగా లేస్తుంది. ఇక కింద ప్లాస్టిక్ ఎండకి బట్టల్లేకుండా నిలబడ్డట్టే. మా వెంచర్లో చెట్టన్నది లేదు. బండి రోజూ కుడిపక్క పడమరకి పెట్టి నిలబెడతాను. నా కుడి లైటు ఎడమదానికన్నా రెండింతలు చెడిపోవడానికి కారణం అదేనని తర్వాత అర్థమైంది.

మసక వల్ల వెలుతురు తగ్గుతుంది, అంతవరకు అందరికీ తెలుసు. రెండో సంగతి ఎవరూ పట్టించుకోరు. తగ్గిన వెలుతురు మాయమైపోదు, చెల్లాచెదరవుతుంది. లో బీములో కాంతి ఓ గీత దాటి పైకి పోకూడదు. మసక లెన్సులో ఆ గీత చెరిగిపోతుంది. రోడ్డు మీద పడాల్సింది ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది. అంటే మనకీ కనపడదు, వాడికీ కనపడదు.

అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో పరీక్షించి చూసింది. పదేళ్ళు పైబడిన, పసుపెక్కిన లైట్లు కొత్తప్పుడు ఇచ్చిన వెలుతురులో సుమారు 20 శాతం మాత్రమే ఇస్తున్నాయని తేలింది. ఇరవై పెర్సెంట్! మన సర్వర్ ఇరవై పెర్సెంట్ మీద నడిస్తే ఎంతమందిని కాల్‌లోకి లాగుతాం? ఈ ముక్కతో కాస్త లెక్క వేద్దాం, పదో తరగతి ఫిజిక్సే. వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. కాబట్టి ఐదో వంతు వెలుతురంటే, అంతే స్పష్టంగా కనపడే దూరం దాని వర్గమూలం లెక్కన, దాదాపు 45 శాతానికి పడిపోతుంది. మంచి లో బీములో నల్లబట్టల మనిషి ఓ 60 మీటర్ల నుంచి కనపడతాడనుకుంటే, ఇప్పుడు 27 మీటర్ల దాకా వచ్చేవరకు కనపడడు. ఇక బండి సంగతి. నలభై మీద వెళ్తుంటే మెదడు తేరుకొని కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను, అంటే 17 మీటర్లు. బండి ఆగడానికి ఇంకో 9. మొత్తం 26. నాకూ ఆయనకీ మధ్య మిగిలిన ఆ మూర ఎక్కడిదో కాగితం మీద వేసుకున్నాకే తెలిసింది. అరవై మీద ఉండుంటే? తేరుకోవడానికే 25 మీటర్లు అయిపోతాయి. కాలు బ్రేకు మీద పడేసరికి బండి ఆయన మీద ఉంటుంది. హైవే మీద మనం అరవైలో వెళ్తామా, చెప్పండి. ఆ పూట మలుపు రాబట్టి సరిపోయింది.

ఈ లెక్క వేసిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మన ఇంజనీరింగ్ ప్రతిభ దగ్గరికి వద్దాం. ఈ సమస్యకి మన జనం దగ్గర నాలుగు మందులున్నాయి, నాలుగూ ఆఫీసు నుంచి తెచ్చినవే.

మొదటిది టూత్‌పేస్టు. వీడియోలో ఒకాయన తెల్లపేస్టు రాసి, బ్రష్షుతో రుద్ది, నీళ్ళు కొట్టగానే లైటు తళతళ. నేనూ చేశాను, దాచుకోవడం ఎందుకు. అంతకుముందు చలికాలంలోనే చేసి, ముందు-తర్వాత ఫొటోలు కాలేజీ గ్రూపులో పెట్టి నలభై చప్పట్లు కొట్టించుకున్నాను. పేస్టులో సున్నంలాంటి మెత్తటి పొడి ఉంటుంది, అది పైపైన కాస్త నునుపు చేస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఏ లైటైనా బాగానే కనపడుతుంది, ఆ వీడియోల రహస్యం అదే. కొత్త పూత వెయ్యలేదు, మిగిలిన పాతపూతని కూడా అక్కడక్కడా లేపాం. రెండు నెలల్లో మళ్ళీ మసక, ఈసారి మచ్చలు మచ్చలుగా. ప్రొడక్షన్లో ఏదైనా ఆగిపోతే రీస్టార్ట్ చేసి టికెట్ మూసేసే పద్ధతి ఇది. ఇంకొందరు దోమల స్ప్రే కొట్టమంటారు. దాంట్లో డీట్ ఉంటే ప్లాస్టిక్ పైపొరని కరిగిస్తుంది, అందుకే ఓ పూట మెరుస్తుంది, తర్వాత సన్నటి పగుళ్ళు. థిన్నరు, అసిటోను పోసేవాళ్ళ గురించి మాట్లాడను.

రెండోది హార్డ్‌వేర్ పెంచడం. మా బావమరిది ఈ పార్టీ. లైటు తక్కువొస్తోందా, ఎల్.ఈ.డి. వేయించు, రాకెట్‌లా కొడుతుంది. ఎల్బీనగర్‌లో కార్ డెకార్ షాపువాడు పది నిమిషాల్లో బిగించి పంపాడు. మసక లెన్సు వెనక ఎక్కువ కాంతి పెడితే ఎక్కువ చెల్లాచెదరవుతుందని పైనే చెప్పుకున్నాం. దీనికి తోడు, మన పాత హెచ్4 లైట్లలో అద్దం గిన్నెని ఫిలమెంట్ కచ్చితంగా ఎక్కడుంటుందో లెక్కగట్టి తయారుచేస్తారు. అక్కడ వేరే ఆకారంలో ఉన్న చిప్పు పెడితే కాంతి ఇష్టమొచ్చినట్టు పోతుంది. 60/55 వాట్ల చోట 100/90 బల్బు వేసేవాళ్ళు ఇంకో రకం. రిలే లేకుండా వేస్తే హోల్డరు కాలుతుంది, లోపలి వెండిపూత నల్లబడుతుంది. మా బావ ఇప్పుడు వస్తుంటే దూరం నుంచే తెలిసిపోతుంది, ఎదురొచ్చే ప్రతి లారీవాడూ డిప్పర్ కొడుతుంటాడు. “జెలసీ బావా వాళ్ళకి” అంటాడు :)

మూడోది పూర్తిగా తిరగరాయడం, అంటే షోరూము. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు టాబ్‌లో ఏదో చూసి “లెన్స్ విడిగా రాదు సార్. అసెంబ్లీయే మార్చాలి సార్. రెండూ కలిపి పదమూడు వేలు, ప్లస్ లేబర్ సార్” అన్నాడు. పాలిష్ చెయ్యరా అంటే, చేస్తాం సార్ కానీ గ్యారంటీ లేదు సార్. పాలిష్ చేశాక పైన పూత ఏం వేస్తారు అని అడిగాను. వ్యాక్స్ సార్. వ్యాక్స్ ఎన్నాళ్ళుంటుంది? నవ్వాడు. ఆ కుర్రాణ్ణి నేను తిట్టను, వాడికీ టార్గెట్లుంటాయి. కానీ లోపల గిన్నె బావుండి, బల్బు బావుండి, హోల్డరు బావుండి, పైన పల్చటి పూత అరిగిందని మొత్తం తీసి చెత్తలో వెయ్యమనడం ఏ లెక్క?

నాలుగోది అన్నిటికన్నా సులువు. “పదిహేనేళ్ళ బండి బాస్, స్క్రాప్ చేసెయ్.” ఇది చెప్పేవాడు తను రాసిన కోడుని ఇరవయ్యేళ్ళుగా బ్యాంకులు మొయ్యాలనుకుంటాడు, అది వేరే విషయం. పాతబండి అంటేనే ప్రమాదం అన్న మాట నాకు మింగుడుపడదు. ఆ మాటకొస్తే ఆరేళ్ళ బండికి కూడా లెన్సు పోతుంది. ఆరేళ్ళ బండివాడు తనది పాతబండి అనుకోడు కాబట్టి వాడే ఇంకా ప్రమాదం.

చివరికి నా బండి బాగుపడింది ఆటోనగర్‌లో. ఈ రోడ్డుకి ఆ చివర బెజవాడలో జవహర్ ఆటోనగర్, ఈ చివర వనస్థలిపురం పక్కన మన ఆటోనగర్. మనం రోజూ దాని పక్కనించే లారీలని తిట్టుకుంటూ పోతాం, లోపలికి పోము. అక్కడో రేకులషెడ్డులో పెయింటింగ్ చేసే చాచా ఒకాయన ఉన్నాడు. నా లైటు మీద గోరు పెట్టి గీకాడు, పొలుసు లేచింది.

“టూత్‌పేస్ట్ రుద్దినవా సార్?” అన్నాడు. ఒప్పుకున్నాను.

“అందరు రుద్దుతరు. పండ్లకు రుద్దేది లైటుకు రుద్దుతరు, లైటుకు రుద్దేది ఏడ రుద్దుతరో మరి” అన్నాడు. పక్కనున్న కుర్రాడు పడీపడీ నవ్వాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే చూసి “గది మాత్రం దినాం తుడుస్తవు” అని ఇంకోటి అన్నాడు. ఆ పూట నాకు బాగానే అయింది.

ఆయన పని చూశాక తెలిసింది, ఇందులో మంత్రమేమీ లేదు, ఓపిక ఉంది. ముందు లైటు చుట్టూ మాస్కింగ్ టేపు రెండు వరసలు, లేకపోతే పెయింటు పోతుంది. నా సిరామిక్ కోటింగ్ మీద ఆయనకేమీ గౌరవం లేదు గానీ టేపు మాత్రం శ్రద్ధగా వేశాడు. తర్వాత వాటర్ పేపర్, 800 నంబరుతో మొదలు. నీళ్ళు పోస్తూ రుద్దుతుంటే మొదట పసుపుపచ్చని పాలు కారాయి. అది చచ్చిన పూత. “పచ్చ నీళ్ళు వచ్చేదాకా ఇదే నంబర్. తెల్ల నీళ్ళు వస్తే అప్పుడు ఎనకకు జరగాలె” అన్నాడు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పాతపూత అక్కడక్కడా మిగిల్చి పైకి పోతే, మిగిలిన చోట మరకలు పడతాయి. తర్వాత 1000, 1500, 2000. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతిది నిలువుగా, ముందటి గీతలు పోయాయో లేదో తెలియడానికి. ఈ మధ్యలో లైటు మొదటికన్నా ఘోరంగా, పాలగ్లాసులాగా అయింది. నేను బెంబేలెత్తితే “ఆగు సార్, దుకాణం బందు చేసి పోతలే” అన్నాడు. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి బఫింగ్ మెషీన్, ఒకేచోట ఆపకుండా, ఆపితే ప్లాస్టిక్ కాలుతుంది. అప్పుడు తేటపడింది.

బజార్లో చేసేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేసి డబ్బులు తీసుకుంటారు. మనం కూడా మెరుపు చూసి ఇచ్చేస్తాం. అసలు పని ఇంకా మిగిలే ఉంది. చాచా లైటుని స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, బండ్లకి పెయింటు మీద కొట్టే టూకే క్లియర్ కోటు గన్నుతో పల్చగా రెండుసార్లు కొట్టాడు. ఎండని ఆపే గుణం ఉన్న క్లియరే తెమ్మని ముందే డబ్బా పేరు చెప్పి నాతోనే తెప్పించాడు. ఇది కంపెనీ పూతంత కాలం ఉండకపోవచ్చు, రెండుమూడేళ్ళు వస్తుందన్నాడు, వ్యాక్స్‌లా రెండు నెలలకి పోదు. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ క్లియర్లో ఐసోసయనేట్లుంటాయి, ఊపిరితిత్తులకి చేటు. ఆయన ముక్కుకి దస్తీ కట్టుకొని కొడుతున్నాడు. తర్వాతి వారం కార్ట్రిడ్జ్ మాస్కొకటి తీసుకెళ్ళి ఇచ్చాను, పెట్టుకుంటున్నాడో లేదో. ఇంట్లో చేసుకునేవాళ్ళు గన్ను జోలికి పోకండి, ఇదే పనికి అమ్మే యూవీ కోటింగ్ కిట్లు దొరుకుతాయి, గుడ్డతో పూసేవి. మొత్తం మూడు గంటలు, రెండు లైట్లకీ ఎనిమిది వందలు. నేను వెయ్యి ఇస్తే రెండొందలు తిరిగిచ్చి “టూత్‌పేస్ట్ కొనుక్కో” అన్నాడు.

ఆ రాత్రి ప్రహరీగోడ ముందు బండి నిలబెట్టి ఫోన్లో లక్స్ మీటర్ ఆప్ పెట్టి కొలిచాను. ముందురోజు అదే చోట, అదే దూరం నుంచి కొలిచి పెట్టుకున్నాను లెండి. ఫోను మీటరు కచ్చితత్వం దేవుడెరుగు, పోల్చుకోవడానికి చాలు. మూడు రెట్లకి పైనే పెరిగింది. ఏఏఏ వాళ్ళ పరీక్షలో కూడా ఇలా బాగుచేసిన లైట్లు కొత్తదానిలో సుమారు 70 శాతం దాకా వచ్చాయి. వందకి వంద రాదు, ఒప్పుకుంటాను. లెన్సు లోపలివైపు మసకబారినా, లోపల తడి చేరినా, గిన్నె వెండిపూత లేచిపోయినా ఎంత రుద్దినా లాభం లేదు, అప్పుడు షోరూము కుర్రాడే కరెక్టు. కానీ ముందు ఏది చెడిపోయిందో చూడకుండా ధర చెప్పేవాడు డాక్టరు కాదు, ఫార్మసీ.

ఇక సర్కారు రూళ్ళ సంగతి. మన దేశంలో సొంత కారుకి ఆర్సీ పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళలో పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు, ఇన్సూరెన్సు అడుగుతారు, లైట్లు ఎంత వెలుగుతున్నాయో ఒక్కసారి కూడా ఎవరూ కొలవరు. లెన్సు ఆరో ఏట పోతుంది, మొదటి తనిఖీ పదిహేనో ఏట వస్తుంది. మధ్యలో తొమ్మిదేళ్ళు గుడ్డిలెక్క. మనం తిట్టే లారీ ఉంది చూశారూ, దానికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. కనీసం కాగితం మీదైనా లారీవాడు మనకన్నా ఎక్కువసార్లు తనిఖీకి వెళ్తాడు. నా బండికి 2024లో పదిహేనేళ్ళు నిండాయి, రెన్యువల్ అయింది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆ ఫీజు ఆరొందల నుంచి ఐదువేలు చేసింది, 2025లో ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి పదివేలు చేసింది. నా బండి తనిఖీలో లైటు వెలుగుతోందా లేదా అని చూశారు. వెలిగింది. అయిపోయింది. తోపుడుబండాయన నాతో ఆ మాట అన్నది ఆ పాస్ అయిన లైట్లు చూసే.

బయటిదేశాల్లో ఏం చేస్తారని మీరు అడక్కముందే చెప్తా, మనవాళ్ళు అన్ని చోట్లా ఉన్నారు కాబట్టి సరిచూసుకోవచ్చు. బ్రిటన్‌లో మూడేళ్ళు నిండగానే ఏటా ఎం.ఓ.టి. పరీక్ష, అందులో లైటు ఎటు కొడుతోందో కూడా చూస్తారు. జపాన్‌లో కొత్తకారుకి మూడేళ్ళకి, తర్వాత రెండేళ్ళకోసారి షాకెన్ అని ఒకటుంటుంది. లో బీములో ఒక్కో లైటు కనీసం 6,400 కాండెలా ఇవ్వాలి, మిషను పెట్టి కొలుస్తారు. మసక లెన్సుతో పోతే ఫెయిల్ చేసి ఇంటికి పంపిస్తారు. అక్కడ ఆన్‌సైట్ ఉన్నన్నాళ్ళూ ఈ పని చేయించి, శంషాబాద్‌లో దిగగానే “ఇండియాలో ఇవన్నీ ఎవడు చూస్తాడు బాస్” అనేవాళ్ళు నాకు కనీసం ముగ్గురు తెలుసు.

ఫీజు ఐదువేలు చేశారని గొడవపెట్టే గ్రూపులు బోలెడున్నాయి, నేనూ ఒకదాంట్లో ఉన్నాను. నా గొడవ వేరు. ఐదువేలు తీసుకోండి, కానీ ఒక లైట్ మీటరు పెట్టి కొలవండి. పదిహేనేళ్ళ దాకా ఆగకండి, పొల్యూషన్ సెంటర్లో పైపులో గొట్టం పెట్టే కుర్రాడి చేతికే ఆ మీటరు కూడా ఇవ్వండి. బండి నుంచి వచ్చే పొగ కొలిచే దేశం, బండి నుంచి వచ్చే వెలుతురు కొలవలేదా? ఈ మాట ఆ గ్రూపులో అంటే “ఇంకో వసూలు మొదలెట్టిస్తావా” అని నా మీద పడ్డారు. నిజమే, వసూలు కూడా మొదలవ్వొచ్చు. అయినా అంటాను.

మామిడి సీజన్ అయిపోయే ముందు ఓ రాత్రి మార్కెట్టుకెళ్ళాను, బంగినపల్లి ఓ పెట్టె తెద్దామని. ఆయన కోసం కూడా చూశాను. కనపడలేదు, కనపడినా నేను గుర్తుపట్టగలిగేవాణ్ణి కాదు. ఆ రాత్రి ఆయన మొహం నాకు సరిగ్గా కనపడితే కదా. బయట పార్కింగులో నిలబడి వరసగా ఉన్న కార్ల మొహాలు చూస్తూ పోయాను. సిరామిక్ కోటింగులు, అలాయ్ వీళ్ళు, వెనకద్దం మీద పిల్లల పేర్లు, ముందు మాత్రం శుక్లాలు వచ్చిన కళ్ళు. వాచ్‌మన్ వచ్చి ఏం కావాలి సార్ అని అనుమానంగా అడిగేదాకా చూశాను.

అమ్మ పెదవి మానింది. ఇప్పుడు వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకుంటోంది, నాకు చెప్పే పనిలేకుండా. మా బావమరిది లైట్లు వచ్చే ఆదివారం రుద్దుతున్నాం, ఎల్.ఈ.డి.లు పీకి పాత హాలోజన్లు పెట్టే షరతు మీద. 1500 నంబరు వాటర్ పేపర్ ఇంకో నాలుగు షీట్లు మిగిలాయి. మా ఆఫీసు బేస్‌మెంట్ రెండులో, లిఫ్టు ఎదురుగా, స్తంభం పక్కన రోజూ నిలబెట్టే తెల్ల సెడాన్ ఎవరిదో కాస్త చెప్పండి.